ఎవరు చెప్పారో రాసుకోండి

మాది మురుగమల్ల. చింతామణి తాలూకాలో హోబళి ఊరు. అమ్మాజాన్ బావాజాన్ దర్గా ఉన్న ఊరంటే సరిహద్దుకు అటూ ఇటూ అందరూ గుర్తుపడతారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడం, భజనలో పాడేది కైవారం తాతయ్య తెలుగు కీర్తనలు. ఆఫీసు కాగితం ఏదైనా కన్నడంలోనే ఉంటుంది. నేను బడిపంతులుగా చేరిన నాలుగేళ్లకు, 1974లో, మా వంశం సంగతులు పోగుచేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు 78. బెంగళూరులో ఉద్యోగం చేసే మనవరాలు పోయిన సంక్రాంతికి వచ్చి, నా నోటుపుస్తకాలు అయిదూ ముందేసుకుని కంప్యూటర్లోకి ఎక్కించసాగింది. పేజీ తిప్పినప్పుడల్లా ఒకటే అడిగేది: "తాతా, ఇది నీకెట్ల తెలుసు?"

సగం పేజీలకు నా దగ్గర జవాబు లేదు. ఆమె ఉన్న మూడు రోజుల్లో తెలిసొచ్చినవీ, అంతకుముందు ఏళ్ల తరబడి తిరిగి నేర్చుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. ఈ పనికి ఇప్పుడిప్పుడే పూనుకుంటున్నవాళ్లు నేను పోగొట్టుకున్నది పోగొట్టుకోకూడదని నా ఆశ.

1. మాట కంటే ముందు మనిషి పేరు

మొదటి నోటుపుస్తకం పన్నెండో పేజీలో ఇట్లా ఉంది: "మనవాళ్లు కదిరి తట్టు నుంచి వచ్చినారు." పందొమ్మిదో పేజీలో ఇంకోటి: "మనం పెనుకొండ కాడివాళ్లం." రెండూ నా చేతిరాతే, రెండూ నీలి సిరానే. ఎవరు చెప్పారో రెండు చోట్లా లేదు. మన ఇంటివాళ్లే కదా, ఎందుకు మరిచిపోతానని అప్పట్లో ధీమా.

ఆ ఏడాది నేను అడిగింది నలుగురిని. మా జేజి, పెదనాయన, మేనత్త, మా వీధి చివర ఉండిన ఒక పెద్దాయన. కదిరి మాట జేజి చెప్పి ఉంటే ఇంకో ప్రశ్న పుడుతుంది. జేజి ఈ ఇంటికి కోడలుగా వచ్చిన మనిషి. ఆమె "మనవాళ్లు" అన్నది పుట్టింటివాళ్లనా, అత్తింటివాళ్లనా? అదే మాట పెదనాయన చెప్పి ఉంటే ఆ అనుమానమే ఉండదు. మాట ఒకటే, చెప్పిన మనిషిని బట్టి దాని అర్థమే మారిపోతోంది. ఆ నలుగురిలో ఇప్పుడు ఎవరూ లేరు.

అందుకని ఏ పేజీకైనా నెత్తిన ఇవి రాయండి: చెప్పినవాళ్ల పేరు, వయసు, మీకు ఏమవుతారు, ఏ ఊళ్లో, ఏ తేదీన చెప్పారు. వీటన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటుంది. వాళ్లు కళ్లారా చూసి చెప్పారా, విని చెప్పారా? వింటే ఎవరి నోట విన్నారు? ఒకే సంగతి నలుగురు చెప్పారు కాబట్టి నిజమేనని నేను చాలాసార్లు సంతోషపడ్డాను. ఆ నలుగురూ చిన్నప్పుడు ఒకే ముసలామె పక్కన పడుకుని ఆ కథ విన్నవాళ్లయితే, నా చేతిలో ఉన్నది నాలుగు సాక్ష్యాలు కాదు, ఒక్కటే.

2. విన్నది ఎడమ పేజీలో, మీ లెక్క కుడి పేజీలో

నా రెండో నోటుపుస్తకంలో "1936లో కరువు తగ్గినాక మురుగమల్లకు వచ్చినారు" అని ఉంది. ఇరవై ఏళ్లు దాన్నే నమ్మాను. బంధువుల్లో ఎవరడిగినా అదే చెప్పాను. తర్వాత చిన్నాయన ఇంట్లో అటక మీది ట్రంకుపెట్టెలో కందాయం, అంటే భూమి శిస్తు, కట్టిన రసీదు ఒకటి బయటపడింది. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది గానీ, మా ముత్తాత పేరూ 1911 అనే అంకే చక్కగా కనిపిస్తున్నాయి. 1936లో వచ్చిన మనిషి 1911లో ఇక్కడ కందాయం ఎట్లా కడతాడు?

ముడి విప్పింది మా మేనత్త కూతురు. "జేజి ఎప్పుడూ సంవత్సరం అంకెల్లో చెప్పేది కాదు గదా, ధాతు కరువు అనేది" అంది. అప్పుడు నాకు వెలిగింది. ధాతు అరవై సంవత్సరాల్లో పదోది. 1936-37 ధాతునే, 1876-77 కూడా ధాతునే. జేజి చెప్పింది ధాతు కరువు. నేను పంచాంగం తిరగేసి, నాకు దగ్గరగా ఉన్న ధాతును పట్టుకుని, అంకె వేసుకుని, ఆమె మాటను వదిలేశాను.

ఆ మాట ఉండి ఉంటే ఎవరైనా పట్టేవాళ్లు. దక్షిణాదినంతా కాల్చిన 1876-78 కరువును మన తాతల కాలంవాళ్లు ఆ పేరుతోనే చెప్పుకునేవాళ్లు. మైసూరు సంస్థానంలో 1871 జనాభా లెక్కల్లో 50 లక్షలకు పైగా ఉన్న జనం 1881 లెక్కలకు 42 లక్షల లోపుకు పడిపోయారు. కోలారు సీమ బాగా దెబ్బతిన్న చోట్లలో ఒకటి. దున్నేవాళ్లు లేక బీడుపడిన చేలలోకి మా వాళ్లు కరువు తగ్గాక వచ్చి ఉంటారని నేను అనుకుంటున్నాను. ఈ వాక్యం ఇప్పుడు నా పుస్తకంలో కుడి పేజీలో ఉంది, పక్కన "నా ఊహ" అని రాసి ఉంది. ఎడమ పేజీలో జేజి మాట మాత్రమే ఉంది.

పెద్దవాళ్లు కాలాన్ని అంకెలతో కొలవరు. "ప్లేగుకు ఊరు వదిలి గుడిసెల్లో ఉన్నప్పుడు" అంటారు. "ఇంఫ్లుయెంజాలో మా అక్క పోయినాక" అంటారు. బెంగళూరుకు ప్లేగు వచ్చింది 1898లో, విళంబి. ఇంఫ్లుయెంజా 1918లో, కాళయుక్తి. లెక్క కట్టడం తర్వాతైనా కుదురుతుంది. ముందు ఆ మాటను ఆ నోటి నుంచి వచ్చినట్టే, యాసతో సహా, దించుకోండి.

3. పొడి అక్షరం ఇంటిపేరు కాదు

మదనపల్లె వైపు మా బంధువులు కొందరున్నారు. వాళ్లలో ఒక కుర్రాడు ఇట్లాగే వంశవృక్షం తయారుచేస్తూ, మా నాయన పేరు ముందున్న 'ఎం' చూసి మమ్మల్ని వేరే ఇంటిపేరువాళ్లలో కలిపేశాడు. తప్పు అతనిది కాదు. ఆంధ్రలో పేరు ముందుండే అక్షరం ఇంటిపేరుది. మా వైపు బడి రిజిస్టర్లలో కర్ణాటక పద్ధతి: మొదటి అక్షరం ఊరిది, రెండోది తండ్రి పేరుది. మా నాయన పేరులో 'ఎం' అంటే మురుగమల్ల. ఇంటిపేరు ఆయన కాగితాల్లో ఎక్కడా లేదు. నా వాటిల్లోనూ లేదు, నా పిల్లల వాటిల్లోనూ లేదు.

చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో తెలుగు ఇళ్లన్నిటిదీ దాదాపు ఇదే సంగతి. ఇంటిపేరు బతికి ఉండేది నోట్లో. సంబంధం మాట్లాడేటప్పుడు బయటికొస్తుంది, మళ్లీ లోపలికి పోతుంది. ఒకసారి దర్గా దగ్గర చెట్టు కింద కూర్చున్న ఒక ముసలామెతో మాట కలిసింది. కదిరి నుంచి మనవడికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది. మాటల్లో "మీ ఇంటిపేరేమప్పా?" అని అడిగింది. చెప్పాను. "ఆ ఇంటిపేరోళ్లు మా ఊరి పక్కన పల్లెలో ఉండారే" అంది. యాభై ఏళ్లు కాగితాలు వెతికినా దొరకని తీగ అది. ఆమె పేరు, పల్లె పేరు, ఆ రోజు తేదీ అక్కడే బస్సు టిక్కెట్టు వెనక రాసుకున్నాను. అప్పటికి బుద్ధి వచ్చింది మరి.

పేర్లు అనువాదం కూడా అవుతాయి. చిక్కబళ్ళాపురాన్ని తెలుగువాళ్లు చిన్నబళ్ళాపురమనీ, దొడ్డబళ్ళాపురాన్ని పెద్దబళ్ళాపురమనీ అన్నట్టే మనుషుల పేర్లకూ జరిగింది. మా ముత్తాత తమ్ముడి పేరు ముందు ఇంట్లో 'చిన్న' ఉంటే, కన్నడం కాగితంలో 'చిక్క' ఉంది. ఇద్దరు మనుషులనుకుని కొన్నాళ్లు నేనే చెట్టులో ఒక కొమ్మ ఎక్కువ గీశాను. పైగా మనవడికి తాత పేరు పెట్టే ఆచారం వల్ల తరం విడిచి తరం అదే పేరు వస్తుంది. కాగితంలో పేరు ఎట్లా ఉందో అక్షరం మార్చకుండా దించండి. ఆ మనిషి ఫలానా ఆయనే అని మీరు దేన్ని బట్టి అనుకుంటున్నారో దాని కింద రాయండి.

4. ఊరు కదలదు, జిల్లా కదులుతుంది

మా ఊరు మా నాయన కాలంలోనూ, నా ఉద్యోగం నాళ్లంతా కోలారు జిల్లా. 2007 నుంచి చిక్కబళ్ళాపురం జిల్లా. ఇంకా వెనక్కి పోతే, 1870ల నాటి మైసూరు గెజిటీరులో చింతామణి కచేరీగా ఉన్న తాలూకా పేరు అంబాజీదుర్గం. బాగేపల్లి తట్టుది గుమ్మనాయకనపాళ్యం తాలూకా. ఈ పేర్లు తెలియనివాడు, పాత కాగితం చేతికొచ్చినా, ఇది మన సీమది కాదని పక్కన పెట్టేస్తాడు. సరిహద్దు అవతల కూడా అంతే. మదనపల్లె 1911 దాకా కడప జిల్లా. ఆ ఏడు చిత్తూరు జిల్లా ఏర్పడి అందులోకి వచ్చింది, 2022లో అన్నమయ్య జిల్లాలో చేరింది. అక్కడి పాత భూమి కాగితాల్లో ఫసలీ ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది జులై నుంచి మొదలయ్యే సంవత్సరం వస్తుంది. ఫసలీ 1320 అంటే 1910-11.

కాగితంలో ఉన్న చిరునామా ముందు రాసి, ఇప్పటి పేరు దాని పక్కన రాయండి.

5. ఆ కాగితం ఏ పనికి పుట్టిందో చూడండి

ఇది బడిపంతులుగా చెబుతున్నాను. ఒకటో తరగతిలో చేర్చడానికి పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన తల్లిని "ఎప్పుడు పుట్టినాడమ్మా?" అని అడిగితే, "చెరువు తెగిన ఏడు, శెనక్కాయలు పీకేటప్పుడు" అనేది. రిజిస్టర్లో తేదీ పడాలి, వయసు చాలాలి. ఎదురుగా నిలబడినవాణ్ణి చూసి, ఎత్తు చూసి, పళ్లు చూసి, నేనే ఒక తేదీ వేసేవాణ్ణి. బడి తెరిచేది జూన్‌లో గనక ఆ తేదీలు జూన్‌లోనో మే చివరనో పడేవి. నా ముందున్న పంతుళ్లూ అదే చేశారు. ఆ తేదీయే టీసీలోకి, ఎస్సెస్సెల్సీ మార్కుల కార్డులోకి, ఆధార్‌లోకి ఎక్కింది. ఒక మనిషి పుట్టినరోజుకు అయిదు కాగితాలున్నాయని మీరు సంబరపడతారు. ఆ అయిదింటికీ తల్లి నేను ఆ రోజు రాసిన ఒక్క వరుస.

భూమి కాగితాలు నిజాయితీగా ఉంటాయి గానీ అవి చెప్పేది భూమి గురించి. పహణీలో పేరుందంటే ఆ సర్వే నంబరు ఖాతా ఆయన పేరున ఉందని. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరని కాదు. ఖాతాదారు చనిపోతే వారసుల పేరుకు మార్చేది పౌతి ఖాతా. దానికి నాడకచేరి నుంచి వంశవృక్షం తీసుకోవాలి. ఆ పేరు వినగానే వంశ చరిత్ర దొరికిందనుకుంటారు చాలామంది. అది వారసత్వం తేల్చడానికి, ఇంటివాళ్లు ఇచ్చిన ప్రమాణపత్రం మీద తయారయ్యే కాగితం. కర్ణాటకలో 1994లోనూ, దేశమంతటా 2005లోనూ పిత్రార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు చట్టంలోకి వచ్చింది. ఆ తర్వాత కూడా ఆడపిల్లల పేర్లు లేని వంశవృక్షాలు నేను చూశాను. మా ఇంటిదే ఒకటుంది. అందులో మా మేనత్తలు ముగ్గురూ పుట్టనేలేదు.

ఇంకో మాట. 1961 చట్టంతో శానుభోగుల, అంటే ఊరి కరణాల, వంశపారంపర్య ఉద్యోగాలు పోయాయి. 2000 ప్రాంతంలో భూమి పథకం కింద చేతిరాత పహణీలు కంప్యూటర్లోకి ఎక్కాయి. చెయ్యి మారినప్పుడల్లా ఒక అక్షరం జారే అవకాశం ఉంది. మీరు చూసింది చేతిరాతదా, కంప్యూటర్ ప్రతా, ఏ తేదీన తీసుకున్నారు, సర్వే నంబరెంత, ముటేషన్ నంబరెంత అన్నీ రాసుకోండి. ఫోటో తీస్తే వెనక వైపు కూడా తీయండి. మా కందాయం రసీదు వెనకనే శానుభోగు పెన్సిలుతో రెండు పేర్లు రాసి ఉన్నాడు, అవి ఎవరివో ఇంకా తేలలేదు.

6. ఆడవాళ్లను వంటింట్లో వెతకండి

కచేరీ కాగితంలో లేని మా పెద్ద మేనత్త నాకు ఒక ఇత్తడి బిందె మీద దొరికింది. దాన్ని ఏళ్లుగా కొట్టంలో పశువులకు కుడితి కలపడానికి వాడుతున్నారు. ఒక దీపావళికి చింతపండుతో తోముతుంటే మెడ కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు పైకొచ్చాయి. ఉలితో పొడిచిన కన్నడ అక్షరాలు: ఆమె పేరు, ఆమె భర్త పేరు, అత్తగారి ఊరి పేరు, ఒక తేదీ. తమ్ముడి గృహప్రవేశానికి ఆమె తెచ్చి పెట్టిన బిందె అది. ఆమె అత్తగారి ఊరు ఏదని ఇంట్లో ఇద్దరు ఇద్దరుగా వాదించుకుంటుంటే, జవాబు కొట్టంలో కుడితి కింద ఉంది.

అట్లాంటివి ఇంకా ఉన్నాయి. పెళ్లిలో చదివింపులు రాసే ముయ్యి పుస్తకం చాలా గొప్ప ఆధారం. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చి అయిదు రూపాయలు చదివించారో, ఎవరు చీర పెట్టారో వరుసగా ఉంటుంది. దాన్ని తిరిగి పెట్టాల్సిన అప్పులాగా చూస్తారు కాబట్టి తప్పు రాయరు. శుభలేఖల్లో తాతముత్తాతల పేర్లు, మేనమామల పేర్లు ఉంటాయి. ఫోటో వెనక స్టూడియో ముద్ర ఉంటుంది. కానీ వస్తువుకు నోరు లేదు. ఆ బిందె మా ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పగలిగింది మా అమ్మ ఒక్కతే. వస్తువు ఎవరింట్లో ఉంది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, ఆ సంగతి ఎవరు చెప్పారు అని రాసిపెట్టకపోతే, ఇంకో తరానికి అది ఎవరో పొరపాటున వదిలిపెట్టిపోయిన పాత బిందె.

7. పిచ్చిగుంట్లవాళ్లు వస్తే పని ఆపి కూర్చోండి

కోతలయ్యాక ఎద్దుతో ఊళ్లకు వచ్చి, ఇళ్ల గోత్రాలు, వంశాలు పాడేవాళ్లు. కన్నడంలో హెళవరు అంటారు. వాళ్ల దగ్గర తరతరాల లెక్కలున్న పుస్తకాలుంటాయి. ఒక మేర ధాన్యం పెట్టి పంపించేయడం మా ఇంట్లోనూ చూశాను. ఆ పుస్తకంలో ఉన్న మా ఇల్లు మా ఇంట్లో కూడా లేదు.

వాళ్లు చెప్పింది రాసుకునేటప్పుడు రెండు సంగతులు విడిగా పెట్టండి. పుస్తకం చూసి చదివింది ఒకటి, పొగడ్తగా పాడింది ఇంకొకటి. దాతను మెచ్చుకోవడం వాళ్ల పాటలో భాగం, అందులో తప్పేమీ లేదు. మళ్లీ వచ్చినప్పుడు అదే అడిగి పోల్చుకోండి. వాళ్ల ఊరు, వాళ్ల తండ్రి పేరు కూడా మీ పుస్తకంలో ఉండాలి. ఆధారం ఇచ్చిన మనిషి కదా.

8. రాళ్లకు నంబరు వేసినవాళ్లను చూసి నేర్చుకోండి

బి. ఎల్. రైస్ కోలారు జిల్లా శాసనాలను ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంగా 1905లో అచ్చువేశాడు. తాలూకాకు తాలూకా, రాయికి రాయి నంబరు ఇచ్చి, ఏ ఊళ్లో ఎక్కడుందో రాశాడు. అందువల్లే ఇవాళ ఎవరైనా ఆ నంబరు పట్టుకుని ఆ రాయి దగ్గరికి పోయి, రైస్ సరిగ్గా చదివాడా లేదా అని చూడొచ్చు. అంతకు నూరేళ్ల ముందు కాలిన్ మెకంజీ కింద పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, వాళ్ల తోటివాళ్లు ఊరూరా తిరిగి కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించినప్పుడు కరణాల కవిలెలను, వాళ్ల లెక్కల పుస్తకాలను, అడిగి రాశారు. కవిలెలు పోయాయి, ఏ కవిలె చూసి రాశారన్న సంగతి మిగిలింది.

నా నోటుపుస్తకాలకు ఇప్పుడు నంబర్లున్నాయి. పుస్తకం 2, పేజీ 31 అంటే మనవరాలికి అర్థమవుతుంది. కంప్యూటర్లో ఆమె పెట్టిన ప్రతి పేరు కింద ఆ అంకె ఉంటుంది. అంకె లేని పేర్లకు ఎర్ర రంగు వేసింది. చెట్టు చాలావరకు ఎర్రగానే ఉంది.

9. రాయొద్దన్నది రాయకండి

మా బంధువుల్లో ఒకామె తన పెళ్లి గురించి ఒక మాట చెప్పి, "ఇది రాయొద్దురా" అంది. పుస్తకం మూసేశాను. ఆమె పోయి పదిహేనేళ్లు దాటింది, ఆమె పిల్లలున్నారు. ఆధారం ముఖ్యమే, నమ్మి చెప్పిన మనిషి అంతకంటే ముఖ్యం. ఆ పేజీలో "ఆమె చెప్పింది, రాయలేదు" అని మాత్రం ఉంది.

10. రెండు మాటలుంటే రెండూ ఉండనివ్వండి

కదిరి, పెనుకొండల్లో ఒకటి కొట్టేయమని మా తమ్ముడు చాలాకాలంగా అంటున్నాడు. పుస్తకం అచ్చు వేయించాలని వాడి కోరిక. కొట్టేయడానికి నా దగ్గర కారణం లేదు. దర్గా దగ్గర ముసలామె చెప్పిన పల్లె కదిరి వైపుదే, కానీ ఒకే ఇంటిపేరువాళ్లు రెండు చోట్లా ఉండొచ్చు. ఉగాది దాటాక నేనూ మనవరాలూ ఆ పల్లెకు పోయి రావాలని అనుకున్నాం.

సంక్రాంతికి వచ్చినప్పుడు, బెంగళూరుకు తిరిగి పోయే ముందు మనవరాలు ఒక కొత్త నోటుపుస్తకం తీసి నా ముందు కూర్చుంది. మొదటి పేజీ నెత్తిన నా పేరు, నా వయసు, ఊరు, తేదీ రాసుకుంది. మా నాయన బావి తవ్విన కథ చెప్పమంది. చెప్పడం మొదలుపెట్టగానే పెన్ను ఆపి, "నువ్వు చూసినావా తాతా, విన్నావా?" అని అడిగింది. రాయి పగలడం నేను చూశాను, అప్పటికి నాకు ఆరేళ్లు. నీళ్లు పడిన రోజు నేను ఊళ్లో లేను, అమ్మ చెప్పింది. ఆమె ఆ రెండూ వేరు వేరు వరుసల్లో రాసుకుంది.